లీవు అడగక్కర్లేని మనిషి

పర్మనెంటు ఉద్యోగం చేస్తున్న పాఠకులారా, మీరంటే నాకు మహా జాలి! కోపం తెచ్చుకోకండి. లోపలున్నవాణ్ణి చూసి బయటున్నవాడు జాలిపడటం లోకసహజం. నేను బయటికొచ్చి ఏడాది కావస్తోంది. ఇప్పుడు నేను కాంట్రాక్టరుని. స్వతంత్రుణ్ణి. నా మీద అధికారి అంటూ ఈ భూమ్మీద ఎవడూ లేడు.

మొన్నమొన్నటిదాకా నేనూ మీలాంటివాణ్ణే. మెడలో ఫోటో ఉన్న కార్డు వేలాడేసుకుని, ఇంట్లో వాడే మెషిన్లు తయారుచేసే ఓ కంపెనీకి రోజూ వెళ్ళొచ్చేవాణ్ణి. మెషిన్లు తయారుచేయడం నా పని కాదు. అట్టపెట్టెలో మెషిన్ పక్కన ఓ చిన్న పుస్తకం ఉంటుంది చూశారా, కొన్నరోజున మీరు ఎక్కడో పడేసి, మెషిన్ పాడయ్యాక ఇల్లంతా వెతికేది? అది రాసేది నేనే. ‘తడి చేతులతో ప్లగ్గు ముట్టుకోకండి’, ‘మూత తెరిచి ఉండగా నడపకండి’ లాంటి వాక్యాలన్నీ ఈ చేతి మీదుగా వచ్చినవే. నా రచనలు చేరని ఇల్లు లేదు. చదివిన ఇల్లు ఉందో లేదో నాకు తెలీదు.

అక్కడ మాకో మేనేజరు ఉండేవారు. ఆయన అసలు పేరు జీతాల సెక్షనుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ‘చూద్దాం సారు’. ఏది అడిగినా కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ‘చూద్దాం’ అనేవారు. కుర్చీ కాలు విరిగిందంటే చూద్దాం. ఏసీ నెత్తిన నీళ్ళు కారుస్తోందంటే చూద్దాం. మనిషి మంచివాడే, కాదనను. ‘కుదరదు’ అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. కుదరగా కూడా చూడలేదు.

ఇంతకీ నేను ఉద్యోగం ఎందుకు మానేశానో చెప్పాలి.

మా అమ్మాయి ఈత నేర్చుకుంటోంది. చూద్దాం సారుగారి మనవరాలూ అదే కొలనులో, అదే టీచరు దగ్గర నేర్చుకుంటోంది. ఏడాదికోసారి పిల్లలకి పోటీలు పెడతారు. అదేం కక్షో, సరిగ్గా ఆఫీసు ఉన్న రోజునే పెడతారు! కిందటేడు మా అమ్మాయి మొట్టమొదటిసారి పోటీలో దిగింది. చాలా ముందుగానే లీవు అడిగాను. చూద్దాం అన్నారు. దగ్గర పడ్డాక గుర్తుచేశాను. చూద్దాం అన్నానుగా అన్నారు. ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేస్తే, “ముందు మీరు ఆఫీసుకి రండి, చూద్దాం” అన్నారు. వెళ్ళాను. సాయంత్రందాకా ఆయనా నేనూ చూస్తూనే ఉన్నాం. న్యాయంగా చెప్పాలంటే, తన మనవరాలి పోటీకి ఆయన కూడా వెళ్ళలేదు.

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలోనే కూర్చుని ఉంది. అందరికన్నా వెనకబడిందట.

“గట్టు మీద నువ్వున్నావేమోనని చూసుకుంటూ ఈదాను నాన్నా. అందుకే వెనకబడ్డాను,” అంది.

మర్నాడే రాజీనామా ఇచ్చేశాను. ఒక మనిషి తన కూతురి ఈత చూడ్డానికి ఇంకో మనిషి దయ కోసం నిలబడాలా? వచ్చే ఏడు గట్టు మీద మొదటి కుర్చీ నాదేనని మా అమ్మాయికి మాటిచ్చాను.

ఇక అక్కణ్ణుంచి చూడండి నా వైభోగం!

స్వతంత్రుడికి మొట్టమొదటి పని ఇచ్చింది ఎవరనుకున్నారు? మా పాత కంపెనీయే! నా కుర్చీలో కొత్తవాళ్ళని ఎవరినీ వేసుకోలేదట. ఉద్యోగిగా ఏం రాసేవాణ్ణో కాంట్రాక్టరుగా అదే రాయమన్నారు. వేరే కంపెనీలవాళ్ళు కూడా పని ఇస్తామన్నారు. ఇప్పటికీ అంటూనే ఉన్నారు. డబ్బు సంగతి మర్యాదస్తులు మాట్లాడుకోరు కాబట్టి అది వదిలేద్దాం.

అప్పుడప్పుడూ ఆఫీసుకి వెళ్ళాల్సి వస్తుంది. అన్నేళ్ళూ నన్ను చూసి తల కూడా ఎత్తని గేటు దగ్గరి సెక్యూరిటీ ఇప్పుడు లేచి నిలబడి, “ఎవరిని కలవాలి సార్?” అని అడుగుతాడు. ఎంత మర్యాద! విజిటర్ అని రాసున్న కార్డు మెడలో వేస్తాడు. దాన్ని వేసుకుని వెళ్ళి నా పాత కుర్చీలోనే కూర్చుంటాను. కాలు విరిగిన కుర్చీయే, ఇంకా చూస్తున్నారు. విజిటర్ కార్డుకి కాఫీ మెషిన్ పలకదు. పాత మిత్రులు తమ కార్డులతో కాఫీ ఇప్పిస్తారు. ఉద్యోగంలో ఉండగా వీళ్ళలో ఒక్కడైనా నాకు కాఫీ ఇప్పించిన పాపాన పోయాడా? అన్నట్టు, ఆ కాఫీ మెషిన్ పుస్తకం రాసింది కూడా నేనే.

ఇంట్లో గౌరవమైతే చెప్పనలవి కాదు. ఉద్యోగం చేసే రోజుల్లో నాకు ఇంట్లో ఎవరూ పని చెప్పేవారు కాదు. పనికిరానివాణ్ణి అనుకునేవారేమో. ఇప్పుడో? మా ఆవిడ ల్యాబులో ఉద్యోగం చేస్తుంది. పొద్దున చెప్పులేసుకుంటూ, “ఏమండీ, ఎలాగూ ఇంట్లోనే ఉంటారుగా,” అని మొదలుపెడుతుంది. ఆ వాక్యం చివర ఏముంటుందో రోజుకో రకం. ఫ్రిజ్ బాగుచేసేవాడు రావచ్చు, బ్యాంకులో కాగితం ఇచ్చి రావాల్సి ఉండవచ్చు. మొదలు మాత్రం ఎప్పుడూ మారదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికి పార్శిల్ వచ్చినా మా ఇంటి బెల్లే మోగుతుంది. ఎదురింటి వాళ్ళ తాళంచెవి మా దగ్గరే. పైవాళ్ళ ప్లంబరు నీళ్ళు ఎప్పుడు కట్టేయాలో నన్నే అడుగుతాడు. మెట్ల మీద కనిపించినవాళ్ళందరూ, “మీరు ఉన్నారన్న ధైర్యంతోనే ఊరెళ్తున్నామండీ,” అంటారు. ఇంతమందికి ధైర్యం చెప్పే భాగ్యం ఏ ఉద్యోగంలో వస్తుంది చెప్పండి!

మా మావగారైతే మరీను. వారానికోసారి ఫోన్ చేసి కూతుర్ని గొంతు తగ్గించి అడుగుతారు, “అల్లుడుగారికి ఇప్పుడెలా ఉందమ్మా?” అని. ఆస్పత్రిలో ఉన్నవాణ్ణి కూడా అంత ప్రేమగా ఎవరూ పరామర్శించరు. “పరవాలేదు నాన్నా, పని చేసుకుంటున్నారు,” అంటుంది మా ఆవిడ. “అవునవును, ఏదో ఒకటి చేసుకుంటుంటే మనసుకి మంచిది,” అంటారాయన.

ఇక లీవు సంగతికొద్దాం. అసలు గొప్పతనమంతా ఇక్కడే ఉంది. మీకు లీవు ఉంది. ఉంది కాబట్టే అడగాలి. అడుగుతారు కాబట్టే ఇవ్వననే అధికారం ఇంకొకరికి వచ్చింది. నాకు లీవన్నదే లేదు! లేనిదాన్ని ఎవడు కాదనగలడు? ఇంత సులువైన సంగతి మీకెవరికీ తట్టకపోవడం చూస్తే జాలేస్తుంది.

బాసు నేనే, ఉద్యోగినీ నేనే. ఒక చిన్న తేడా మాత్రం ఉంది. పాత బాసు సాయంత్రమైతే తన ఇంటికి తాను పోయేవాడు. ఈ కొత్త బాసు నాతోపాటే అన్నానికి కూర్చుంటాడు. ముద్ద నోట్లో పెట్టుకునేలోపే, ‘ఆ వాక్యూమ్ క్లీనర్ సంగతి ఎంతవరకొచ్చింది?’ అంటాడు. మధ్య ఒకసారి నాకు జ్వరం తగిలింది. ఉద్యోగి దుప్పటి కప్పుకుని, ‘ఇవాళ్టికి పడుకుంటానండీ’ అని బతిమాలాడు. మాత్ర వేసుకుందామని బాత్‌రూము అద్దం ముందు నిలబడితే, బాసు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నన్నే చూస్తున్నాడు. ఆ పోలిక ఎక్కడిదో వెంటనే గుర్తొచ్చింది కానీ, జ్వరంలో ఏవేవో కనిపిస్తాయని సరిపెట్టుకున్నాను.

ఇలా సుఖంగా రోజులు గడుస్తుండగా మళ్ళీ ఈత పోటీలొచ్చాయి. మా ఆవిడ ఎప్పుడో లీవు పెట్టుకుంది, వాళ్ళు ఇచ్చేశారు కూడా. నేను పెట్టుకోవాల్సిన పనే లేదు కదా, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. పోటీ రేపనగా చూద్దాం సారు ఫోన్ చేశారు.

“ఏమండీ స్వతంత్రులవారూ! కొత్త వాషింగ్ మెషిన్ పుస్తకం రేపు మధ్యాహ్నానికల్లా ప్రెస్సుకి వెళ్ళిపోవాలి. ఆఖరి మార్పులు నేనే దగ్గరుండి చూసుకోవాలి. కానీ రేపు నేను లీవు,” అన్నారు.

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. “మీరా సార్? లీవా?”

“నేనేనండీ! ఒకళ్ళకిస్తే అందరూ అడుగుతారని ఇన్నేళ్ళూ ఎవరికీ ఇవ్వలేదు, నేనూ పెట్టుకోలేదు. ఇప్పుడు మీరున్నారుగా. మీకా లీవు గొడవే లేదాయె. కాస్త ఆ మార్పులు చేసిపెట్టండి.”

“సార్, రేపు నాకు కూడా...” అని నసిగాను.

“కుదరదా? అయ్యో, పరవాలేదండీ. ఇంకో కాంట్రాక్టరెవరో ఉన్నాడట, అతన్ని అడుగుతాలెండి,” అన్నారు ఎంతో మర్యాదగా.

పాఠకులారా, మీకూ నాకూ తేడా ఇక్కడే ఉంది. మీరు కుదరదంటే మీ మేనేజరు మొహం మాడ్చుకుంటాడు, నాలుగు మాటలంటాడు. మర్నాడు మీ కుర్చీ మీకుంటుంది. నేను కుదరదంటే నన్నెవరూ ఏమీ అనరు. ఇంకెప్పుడూ ఫోన్ చేయరు, అంతే.

“అబ్బే, కుదరకపోవడమేంటి సార్! చేసేస్తాను,” అన్నాను.

ఫోన్ పెట్టి తిరిగేసరికి వెనక మా అమ్మాయి నిలబడి ఉంది. “నాన్నా, రేపు వస్తున్నావుగా?” అంది.

కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, “చూద్దాం,” అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చిందని నాకు తెలియడానికి ఓ క్షణం పట్టింది. మా అమ్మాయికి అంతసేపు పట్టలేదు. వెళ్ళి ఈత బట్టలు సంచిలో సర్దుకుంది. మా ఆవిడ నన్నో చూపు చూసింది. దాని గురించి రాయను.

మర్నాడు వాళ్ళిద్దరూ బయల్దేరారు. ఒక్క గంటలో పని ముగించి వెనకే వచ్చేస్తానన్నాను. నిజంగానే గంట పనే. కానీ మెషిన్ డిజైన్ గీసే మహానుభావులు తలుపు తీసే బటన్‌ని ఎడమవైపు నుంచి కుడివైపుకి మార్చేశారు. మార్చామని ఆ పొద్దునే చెప్పారు. పుస్తకంలో ‘ఎడమ’ ఉన్న ప్రతిచోటా ‘కుడి’ పెట్టుకుంటూ పోయాను. సగం దూరం పోయాక గుర్తొచ్చింది, నీళ్ళ పైపు నిజంగానే ఎడమవైపు ఉంటుందని. దాన్ని మళ్ళీ వెనక్కి తెచ్చాను. ఈలోగా బెల్లు మోగింది. పైవాళ్ళ పార్శిల్!

ఎడమా కుడీ ఇంకా తేలకముందే ఫోన్ మోగింది. అందులోంచి ఈలలు, పిల్లల కేరింతలు, నీళ్ళ చప్పుడు.

“మీ అమ్మాయి సెకండ్ వచ్చిందండీ!” అన్నారు చూద్దాం సారు. అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది. “అబ్బబ్బ, ఏం ఈదింది! నేను కుర్చీ ఎక్కి మరీ చప్పట్లు కొట్టాను. మా మనవరాలు ఆఖరున వచ్చిందిలెండి, అయినా పరవాలేదు. పిల్లల్ని ఇలా చూస్తుంటే ఎంత బాగుందో! మీరూ వచ్చి ఉండాల్సిందండీ.”

“అవును సార్,” అన్నాను.

“అన్నట్టు, ఆ పేజీలు పంపేశారా?”

“పంపిస్తున్నాను సార్.”

“మంచిది. ఇదిగో, మీ అమ్మాయి మాట్లాడుతుందట.”

మా అమ్మాయి రొప్పుతూ, సంతోషంతో ఉక్కిరిబిక్కిరవుతోంది. “నాన్నా, సెకండ్ వచ్చాను! ఈసారి గట్టు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నువ్వు రావని తెలుసుగా. అందుకే వెనకబడలేదు!” అంది.

చాలా బాగుందమ్మా అన్నాను. ఇంకేదో అనాలనుకున్నాను కానీ, కప్పు ఇస్తున్నారు రమ్మని పక్కనుంచి ఎవరో తనని పిలిచారు.

కాబట్టి పాఠకులారా, అనుభవం మీద చెబుతున్నాను, వినండి. ఇంకా ఆ ఉద్యోగాల్లో ఎందుకు మగ్గుతారు? రాజీనామాలు ఇచ్చేయండి! స్వతంత్రులు కండి! మీ కష్టం ఊరికే పోదు. మీ వల్ల ఎక్కడో ఓ మేనేజరు ఇన్నాళ్ళకి లీవు పెట్టుకుంటాడు, తన మనవరాలిని కళ్ళారా చూసుకుంటాడు. ఇంతకన్నా పుణ్యం ఏముంటుంది?

ఒక్కటే మనవి. అందరూ ఒకేసారి మానేయకండి. కొంతమందైనా పర్మనెంటుగా ఉండండి. కొలను గట్టు మీద నిలబడి మా పిల్లలకి చప్పట్లు కొట్టడానికి ఎవరో ఒకరికి లీవుండాలి కదా.