పటమట కంపోస్టు గొయ్యి

బెజవాడలో వృథా అన్న మాట ఇక వినపడకూడదని కంపోస్టు ఆఫీసరు పూర్ణచంద్రరావుగారు పటమటలో దండోరా వేయించారు. సోమవారం నుంచి ప్రతి ఇంటి ఎంగిలీ, కూరతొక్కలూ, కడుగునీళ్లూ సర్కారువి. గొయ్యిలో పోస్తే మూడు నెలల్లో ఎరువవుతాయి. ఆ ఎరువుతో కంకిపాడు పొలాలు విరగపండుతాయి. ఆ పంటతో యుద్ధం గెలుస్తాం.

ఇంతటి ముందుచూపుకి అడ్డుపడింది రావమ్మ ఒక్కతే. ఆవిడకున్నది ఒక గేదె. గేదెకున్నది వీధివాళ్లు పోసే కుడితి. ఆ పాలతోనే ఆవిడ పొయ్యి వెలుగుతోంది.

"కుడితి లేకపోతే గేదె ఒట్టిపోతుందండి, బాబుగారూ."

"కంకిపాడు పొలాలు ఆకలితో ఉన్నాయి, రావమ్మా."

"వాటికి పెట్టేదీ నా గేదేనండి. ఏటా దాని పేడ బండికెత్తి అక్కడికే పంపుతున్నాను."

పేడ పాతకాలపు సంగతని ఆయన చిరునవ్వుతో నచ్చజెప్పారు.

అవి రేషను రోజులు. ఎవరి విస్తట్లోనూ మెతుకు మిగలడం లేదు. గొయ్యికి చేరినవి కడుగునీళ్లే. వాటిని భూమి తాగేసింది. పూర్ణచంద్రరావుగారు అధైర్యపడే మనిషి కాదు. మొదటి నెల 'పని ప్రారంభం', రెండో నెల 'పని తృప్తికరం', మూడో నెల 'ఎరువు సిద్ధం' అని మద్రాసుకి రాశారు. ఈలోగా రెండు శేర్లిచ్చే గేదె సోలకి దిగింది. ఆ పాలే పడే ఆయన కాఫీ నల్లబడింది. అందుకు కారణం యుద్ధమని ఆయన గ్రహించారు.

గురువారం ఎరువు చూడ్డానికి వస్తున్నానని మద్రాసు నుంచి డైరెక్టరుగారు తంతి కొట్టారు.

బుధవారం పొద్దున్నే పూర్ణచంద్రరావుగారు రావమ్మ పెరట్లో నిలబడ్డారు. మూల పాత పెంటకుప్ప ఉంది. నల్లగా, పొడిపొడిగా.

"రావమ్మగారూ," అన్నారాయన. గారు తగిలించడం అదే మొదలు.

ఆవిడ డబ్బడగలేదు. కుడితి వదిలేయమంది. ఆయన అక్కడికక్కడే ఒప్పుకుని, ఇకమీదట కడుగునీళ్లు 'ప్రయోగశాలకు' పోతాయని ఫైల్లో రాసుకున్నారు. మధ్యాహ్నానికి కుప్ప గొయ్యిలోకి మారింది.

డైరెక్టరుగారు వచ్చి, గుప్పెడు తీసి నలిపి, వాసన చూసి, కాసేపు కళ్లు మూసుకున్నారు. పుస్తకం తెప్పించి సొంత దస్తూరీతో రాశారు: 'పేడతో ఇంత మంచి ఎరువు ఏనాటికీ రాదు.'

మేత నుంచి తిరిగొస్తున్న రావమ్మ గేదె గట్టుమీద ఆగింది. తెలిసిన వాసన కాబోలు, గొయ్యిలోకి తొంగిచూసింది.

"దాన్ని దూరంగా తోలించండి," అన్నారు డైరెక్టరుగారు. "పేడ పడిందంటే సరుకు పాడవుతుంది."

"చిత్తం," అని పూర్ణచంద్రరావుగారు స్వయంగా అదిలించారు.

వెనకాలే వస్తున్న రావమ్మ గేదెను ఇంటికి తోలుకుపోయింది. కుడితి వేళయింది.