ముద్ర లేని మెడబరువు

మనిషి మెడ అతని సొంతం కావచ్చు గానీ, ఆ మెడకు వేలాడే బరువు మాత్రం ప్రభుత్వానిది. ఈ సత్యం నంద్యాల ప్రజలకు 1979లో తెలియవచ్చింది. (అంతకుముందు రెండూ తమవేననుకుని వారు నిర్భయంగా బతికారు.)

ఆళ్లగడ్డలో జాకెట్లు కుట్టే మాబున్నీకి ఆ ఏడు మెడనొప్పి మొదలై, భుజం మీదుగా కుడిచేతి వేళ్లదాకా దిగింది. గుడ్డ కత్తిరిస్తుంటే కత్తెర చేతిలోంచి జారిన సంగతి, అది కిందపడ్డ చప్పుడు విన్నాకే ఆమెకు తెలిసేది. బస్సెక్కి నంద్యాల వచ్చి, ఒక చిన్న వైద్యశాలలో నతానియేలును కలిసింది. ఆయన మద్రాసులో ఫిజియోథెరపీ చదివి వచ్చినవాడు. ఆ మాట నోరు తిరగక జనం ‘మెడలు లాగే సారు’ అనేవారు.

"చెయ్యి ఉందో లేదో చూసుకోవాల్సొస్తాంది సార్. కత్తెర పట్టలేకుంటే నేనేం చేసి బతకల్లా?" అంది మాబున్నీ.

"మెడకాడ నరం నలుగుతాంది మాబున్నమ్మా. కొంచెం సాగదీస్తే సదురుకుంటాది. రోజు విడిచి రోజు రా."

చికిత్స సులువైనదే. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కిందా తల వెనకా తోలుపట్టా బిగించి, దానికి కట్టిన తాడును కప్పీల మీదుగా పక్కగోడ దాకా తీసుకెళ్లి, చివర ఇనుప తూకపురాళ్లు వేలాడదీసేవాడు. అవి బజారులో ధాన్యం అంగడి గురుస్వామి పాతబడ్డాయని ఇచ్చినవి. నెల తిరిగేసరికి మాబున్నీ సూదిలోకి దారం తానే ఎక్కించుకోసాగింది.

ఆ దశలో తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు ప్రహ్లాదరావుగారు వైద్యశాలకు వేంచేశారు. తనిఖీకి కాదు, మెడనొప్పికే. ఏళ్లతరబడి కాటాల మీదికి వంగి వంగి ఆయన మెడ పట్టేసింది. నతానియేలు శ్రద్ధగా లాగాడు. కొన్ని వారాలకు చికిత్స ఫలించింది. ఒకనాడు పట్టా విప్పగానే, ఆయన మెడ చాలాకాలం తర్వాత మొదటిసారి ఎడమవైపు తిరిగింది. తిరిగిన మెడకు ఎదురుగా తూకపురాళ్లు కనిపించాయి.

"వీటికి ముద్ర ఏదీ?" అన్నారాయన.

"అవి అమ్మకానికి వాడేవి కావు సార్."

"బరువున్నాయా, లేవా?"

"ఉండాయి సార్."

"బరువుందంటే తూకముంది. తూకముందంటే వ్యాపారముంది. ఇక్కడ ఏమమ్ముతున్నారు?"

"ఏమీ అమ్మల్లేదు సార్. ఉన్న మెడనే కొంచెం పొడుగు చేస్తాండాం."

"అంటే కొలత కూడా మారుస్తున్నారన్నమాట" అని ఆయన అదీ రాసుకున్నారు.

తర్వాతి వంతు మాబున్నీది. "నాది అయినాక తీసకపోండి సార్" అని అడిగింది. సాక్ష్యాన్ని వాడరాదని ఆయన మర్యాదగానే చెప్పి, రాళ్లను గోనెసంచిలో వేయించుకుని, కొత్త మెడను అటూ ఇటూ తిప్పుకుంటూ వెళ్లిపోయారు.

నతానియేలు ముద్ర కోసం దరఖాస్తు పెట్టాడు. ‘తూచే సరుకు’ అన్నచోట ‘మెడ’ అని నిజాయితీగా రాశాడు. మెడ మాంసం కిందికి వస్తుంది గనుక, మాంసం అమ్మే లైసెన్సు జతపరచాలని జవాబొచ్చింది. రాళ్లకు బదులు ఇసుకమూట కడితే, బరువెంతో రాయని మూట వినియోగదారుణ్ని మోసగించడమేనని శాఖ అభిప్రాయపడింది. (ఇసుక అభిప్రాయం ఎవరూ అడగలేదు.)

ఈలోగా మాబున్నీ వేళ్లు మళ్లీ మొద్దుబారాయి. ఒకనాడు మిషను సూది వేలిలోకి దిగితే, తెల్లగుడ్డ మీద నెత్తురు చూసి తెలుసుకుంది. రంజాన్ దగ్గరపడుతోంది. అలమారా నిండా కుట్టాల్సిన బట్టలే. ఆ మధ్యాహ్నం మిషను మీద తల పెట్టుకుని కొంతసేపు ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, బస్సెక్కి నేరుగా గురుస్వామి అంగడికి పోయింది.

"గురుస్వామన్నా, నువ్విప్పుడు వాడే రాళ్లకు ముద్ర ఉండాది కదా?"

"ఉండాది. కానీ అవి అంగడి దాటి పోగూడదమ్మా, రూలు."

"అవి రావద్దులే. మెడనే వస్తాది."

గురుస్వామికి అడ్డుచెప్పే రూలు ఏదీ గుర్తుకు రాలేదు. నతానియేలు తన కప్పీలూ తాడూ తెచ్చి, కాటా వేలాడే దూలానికే బిగించాడు. మాబున్నీ జొన్నబస్తాల నడుమ, చట్టప్రకారం ముద్రవేసిన బరువుతో మెడ లాగించుకుంది. సంగతి తెలిసి మిగతా రోగులూ అక్కడికే రాసాగారు.

"రెండు కిలోల రాయి యాడప్పా?" అని ఎవరైనా అడిగితే, "ఆయమ్మ మెడకుండాది. కిలో కిలోగా రెండుసార్లు తూస్తా, ఆగు" అనేవాడు గురుస్వామి.

కందిపప్పు కోసం వచ్చిన అబ్దుల్ రహిమాన్ పొరపాటున మెడల వరసలో నిలబడి, వంతు రాగానే మొహమాటానికి లాగించుకునే వెళ్లాడు. పప్పు మరిచినందుకు ఇంట్లో తిట్లు తిన్నాడు గానీ, తల తిప్పుకోవడానికి సుఖంగా ఉందన్నాడు.

రంజాన్ నాటికి మాబున్నీ వేళ్లకు చురుకు తిరిగొచ్చింది. బట్టలన్నీ కుట్టి ఇచ్చింది. చివరి చొక్కాకు గుండీ కుడుతుంటే సూది గుచ్చుకుంది. నొప్పి తెలిసినందుకు ఆమె నవ్వుకుంది.

ప్రహ్లాదరావుగారి మెడ మాత్రం మళ్లీ పట్టేసింది. వైద్యశాలలో బరువుల్లేవు, వాటిని తీసుకెళ్లింది ఆయనే. అంగడికి పోదామంటే, తన తనిఖీ కిందున్న వ్యాపారి నుంచి అధికారి ఉపకారం పొందరాదని నిబంధన. ఆయన నిబంధనలు పాటించే మనిషి. చూస్తుండగానే మెడ గునపంలా నిలబడిపోయింది. తనిఖీకి వెళ్తే ఆయన చూపు తిన్నగా వ్యాపారి ముఖం మీదే నిలిచేది. వ్యాపారీ ఆయన కళ్లలోకి భక్తిగా చూసేవాడు. కాటా ముల్లు కింద ఎక్కడో ఉండేది.

ఆ ఏడు ఊళ్లో దొంగతూకం కేసు ఒక్కటీ నమోదు కాలేదు. వ్యాపారుల్లో నీతి పెరిగిందని శాఖ సంతోషించి, ప్రహ్లాదరావుగారికి సన్మానం చేసింది. పొట్టిగా ఉన్న పై అధికారి దండ పట్టుకుని ఎంతసేపు నిలబడినా ఈయన తల వంగలేదు. చివరికి స్టూలు తెప్పించి, అదెక్కి దండ వేశారు.

మర్నాడు పేపర్లో ఫోటో పడింది. కింద ఇలా రాశారు: ‘ఎవరికీ తలవంచని అధికారి’.