రూట్ కెనాల్‌కు వెళ్లే ఇల్లాళ్లకు కొన్ని సూచనలు

సంసారం చేసుకునే ఆడది పట్టపగలు, కాళ్లు బారచాపుకుని, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా పడుకోగలిగిన చోటు ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. అది పంటి డాక్టరు గారి కుర్చీ!

నవ్వకండి. నేను ఈమధ్యే వెళ్లొచ్చి చెబుతున్నాను. రూట్ కెనాల్ అనగానే మీలో చాలామంది బుగ్గ పట్టుకుని వెనక్కి తగ్గుతారని నాకు తెలుసు. ఆ భయం పోగొట్టి, మీ చేత కనీసం ఒక్క పంటికైనా ఆ వైభోగం జరిపించాలన్నదే నా తాపత్రయం.

ముందు అర్హత సంగతి చూద్దాం. రూట్ కెనాల్ ఊరికే రాదు, సంపాదించుకోవాలి. పన్ను జివ్వుమన్న రోజునే డాక్టరు దగ్గరికి పరిగెత్తారనుకోండి, కాస్త సిమెంటు పెట్టి ఇంటికి పంపేస్తారు. అంత తొందర పనికిరాదు. ముందు అత్తగారి మోకాళ్లు చూపించాలి. తర్వాత మావారి కళ్లజోడు మార్పించాలి. ఆపైన అమ్మాయి పరీక్షలు, అవి గట్టెక్కాక వాషింగ్ మెషీన్ రిపేరు. ఔనండీ, మా ఇంటి క్యూలో వాషింగ్ మెషీన్ కూడా నా పన్ను కంటే ముందే నిలబడింది. అది ఆగిపోతే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది మరి! ఈలోగా మనం లవంగం నొక్కిపెట్టుకుని, రెండో పక్కన నములుతూ రోజులు నెట్టుకు రావాలి. నేను అలా ఏడాది నెట్టుకొచ్చాను. ఆ ఏడాదిలో పుచ్చు నింపాదిగా లోపలికి దిగి నరం దాకా చేరుకుంది.

చివరికి ఒకరోజు లేచేసరికి ఎడమ బుగ్గ బంతిలా ఉబ్బి ఉంది. కాఫీ అందుకుంటూ మావారు నా మొహం ఒకసారి చూసి, న్యూస్ పేపరు వెనక్కి వెళ్లిపోయారు. ఆరోజంతా ఇంట్లో పిల్లిలా తిరిగారు. మర్నాడు స్నానం చేసి వచ్చి, తడి తువ్వాలు మంచం మీద పడేయకుండా తీగ మీద ఆరేశారు! పెళ్లయ్యాక అలాంటిది నేను చూడడం అదే మొదటిసారి. నేను ఆశ్చర్యంలోంచి తేరుకోకముందే, ఆయన వరండాలో అత్తగారితో గుసగుసలాడడం వినపడింది.

"ఈసారి అలక మరీ గట్టిగా ఉందమ్మా. బుంగమూతి దిగడం లేదు."

"నువ్వేం పలకరించకు. తనే సర్దుకుంటుంది," అన్నారు అత్తగారు.

చూశారా, అదీ మా వాళ్ల అనుభవజ్ఞానం! ఆడదాని మొహం ఉబ్బితే అలకే తప్ప ఇంకో కారణం ఉండొచ్చని ఈ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నేనే వెళ్లి, ఇది అలక కాదు, పన్ను అని చెప్పాను. ఆయన మొహం ఎంత తేటపడిందో ఏం చెప్పను! తన తప్పేమీ లేదని తేలింది కదా. మర్నాటి నుంచి తువ్వాలు మళ్లీ మంచమెక్కింది.

ఇక అసలు ట్రీట్‌మెంటు. ఎక్స్‌రే తీస్తారు. తర్వాత చిగుళ్లకు ఇంజెక్షన్. చీమ కుట్టినట్టు ఉంటుందని చెబుతారు. అది ఏ జాతి చీమో నన్నడగకండి. కానీ కాసేపటికి పెదవి మనది కాకుండా పోతుంది, నాలుక మొద్దుబారుతుంది. పంటి చుట్టూ ఆకుపచ్చ రబ్బరు తెర బిగిస్తారు. నోట్లో ఊరే ఉమ్మిని లాగేయడానికి ఓ గొట్టం పెడతారు. మన ఉమ్మి కూడా మనం మింగుకోనక్కర్లేదు, అదీ వాళ్లే చూసుకుంటారు! ఇంతకంటే రాజభోగం ఉంటుందా?

డాక్టరమ్మ దీపం నా మొహం మీదికి తిప్పి, కదలకండి, మాట్లాడకండి, ఏమీ ఆలోచించకుండా హాయిగా పడుకోండి అంది. ఏమీ ఆలోచించకు అని నాతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పాపం ఆవిడ మత్తు సరిగ్గా ఎక్కలేదనుకుని ఇంకో ఇంజెక్షన్ ఇచ్చింది.

తర్వాత సన్నటి సూదుల్లాంటి ఆకురాళ్లతో లోపలున్నదంతా గీకి తీస్తారు. నొప్పి తెలియదు, గరగరమని చప్పుడు మాత్రం తలలో వినిపిస్తుంది. మా ఇంటి మిక్సీతో పోలిస్తే అది జోలపాటే. నోరు తెరుచుకునే నిద్రపోయాను. గురక కూడా పెట్టానట.

అప్పుడే నా బ్యాగులో ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగేసరికి నాకు మెలకువ వచ్చింది. నర్సమ్మాయి తీసింది. అత్తగారు. బట్టల సబ్బు ఎక్కడుందో కావాలి. పేషెంటు నోట్లో పరికరాలున్నాయి, మాట్లాడలేరని నర్సమ్మాయి చెప్పింది.

"మాట్లాడక్కర్లేదమ్మా. ఫోను చెవి దగ్గర పెట్టు. వంటింట్లో ఉందంటే ఒకసారి మూలగమను, స్టోర్‌రూంలో ఉందంటే రెండుసార్లు."

నేను మూలగడానికి సిద్ధపడ్డానంటే నమ్మండి. ఒకసారి మూలిగాను కూడా! డాక్టరమ్మే చెయ్యెత్తి ఆపి, ఆవిడ ఆపరేషన్‌లో ఉన్నారని చెప్పి పెట్టేయమంది.

ఇంటికొచ్చాక మూడు గంటలపాటు నోరు పెగలదు. నీళ్లు తాగితే గడ్డం మీదుగా కారతాయి. రెండు మూడు రోజులు సలుపుతుంది, మాత్ర వేసుకుంటే తగ్గుతుంది. ఆ పక్కన గట్టివి నమలకండి. సలుపు తగ్గింది కదా అని క్యాప్ వేయించుకోవడం మానేయకండి, పన్ను విరుగుతుంది. ఇవన్నీ మీకు ఎలాగూ డాక్టర్లు చెబుతారు. వాళ్లు చెప్పనిది ఒకటుంది, అది నాకు ఆఖరి సిట్టింగ్‌లో తెలిసింది.

ఆరోజు మావారు కూడా వెంట వచ్చారు. సెలవు రోజు, ఇంట్లో ఏమీ తోచక. డాక్టరమ్మ ఓ పెద్ద ప్లాస్టిక్ పన్ను రెండుగా విప్పి ఆయనకు వివరించింది. లోపలి నరం మొత్తం తీసేశాం, ఖాళీ అయిన చోట మందు దట్టించాం, పైన క్యాప్ తొడుగుతాం. పన్ను తన చోటనే ఉండి కొరకడం, నమలడం అన్నీ మామూలుగానే చేస్తుందని చెప్పింది.

"అంటే పనంతా చేస్తుంది, నొప్పి మాత్రం ఉండదన్నమాట," అన్నారు మావారు.

"అంతేనండీ."

"చూసేవాళ్లకి తేడా తెలుస్తుందా?"

"ఏమీ తెలియదు. తళతళలాడుతూ ఉంటుంది."

"భలే ఏర్పాటండీ," అన్నారాయన. ఆ ప్లాస్టిక్ పన్నును చేతిలో అటూ ఇటూ తిప్పుతూ ఎంత మురిసిపోయారో! పెళ్లిచూపుల్లో నన్ను చూసి కూడా అంత మురిసిపోలేదు.

నాకు మాత్రం చెప్పలేనంత భయం వేసింది. ఉన్న చోటనే ఉండి, పనంతా చేస్తూ, జివ్వుమనకుండా, నలుగురిలో తళతళలాడేది ఆ పన్నొక్కటేనా? సబ్బు కోసం బుద్ధిగా మూలిగింది ఎవరు? ఏడాదిపాటు నా నొప్పి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఇంకో ఏడాది పోతే నాకు కూడా తెలిసేది కాదేమో!

డాక్టరమ్మ క్యాప్ బిగించి, పక్క పన్ను కూడా చూసింది. చిన్న పుచ్చు మొదలైందనీ, నరం ఆరోగ్యంగానే ఉందనీ, ఇప్పుడే సిమెంటు పెడితే సరిపోతుందనీ చెప్పింది.

"మళ్లీ మళ్లీ తిరగడం ఎందుకండీ," అన్నారు మావారు, నా మీద నిజమైన ప్రేమతోనే. "పనిలో పనిగా దాని నరం కూడా తీసేయండి. తనకీ హాయి."

ఆరోజు మత్తు ఇవ్వలేదు కాబట్టి నా నోరు నా స్వాధీనంలోనే ఉంది.

"దాని నరం జోలికి వెళ్లకండి డాక్టర్ గారూ," అన్నాను. "నొప్పెడితే నొప్పి అని గట్టిగా చెప్పేది మా ఇంట్లో ఒక్కటైనా ఉండనివ్వండి."

కాబట్టి అక్కలూ, చెల్లెళ్లూ, రూట్ కెనాల్‌కు నిర్భయంగా వెళ్లండి. పంటికి మాత్రమే చేయించుకుని రండి.