టోపీతో వరుస, టోపీ లేకుండా పరీక్ష

ఈసారి ప్రోగ్రామింగ్ పరీక్షను ఇళ్లలో కాకుండా క్రీడామందిరంలో, అందరి కళ్లెదుటా నిర్వహించాలని వారిండా విశ్వవిద్యాలయం నిర్ణయించింది. ఇళ్లలో రాస్తే అందరూ ప్యాసవుతున్నారు. చదువంటే గౌరవమున్నవారు సహించే సంగతి కాదది. పరీక్షల అధికారి ఫెర్గస్ పిమ్‌లాట్ పద్నాలుగు పేజీల నిబంధనలు రాసి, ఎక్కడా లొసుగు లేదని తానే ధ్రువీకరించాడు.

మెరిన్ స్కోబీ పదకొండేళ్లు పాల ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించి, విసిగి, ముప్పై ఎనిమిదో ఏట చదువుకొచ్చింది. ఈ ఒక్క పేపరు గట్టెక్కితే ఊరి కౌన్సిల్ నీటి విభాగంలో ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్లీ మూతలే. ఆ భయంతో పద్నాలుగు పేజీలూ చదివింది. అలా చదివినది ఆమె ఒక్కతే.

ఎండలో వరుస కట్టేవారికి టోపీ తప్పనిసరి. హాల్లో టోపీ నిషిద్ధం. టోపీలు దాచే బల్ల తొమ్మిదింటికి మూసేస్తారు, వరుస తొమ్మిదింబావుకు మొదలవుతుంది. ఫోన్లు సంచుల్లో పెట్టి సీలు వేయాలి. ప్రశ్నపత్రం తెరిచే అంకెలు మాత్రం ఫోనుకే వస్తాయి. ఎలక్ట్రీషియన్ చూసి రంగు చీటీ కట్టని ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను వాడరాదు. ఎలక్ట్రీషియన్ వచ్చేది గురువారం, పరీక్ష బుధవారం.

"ఫెర్గస్, నా ఛార్జర్‌కి చీటీ లేదు. బ్యాటరీ నలభై నిమిషాలే వస్తుంది. పరీక్ష రెండు గంటలు కదా?" అంది మెరిన్.

"అయితే గబగబా రాసెయ్ మేట్," అన్నాడు పిమ్‌లాట్ ఎంతో దయగా.

ఏర్పాట్లు భేషుగ్గా సాగాయి. రెండు వందల మందీ టోపీల మీద కూర్చున్నారు. కూర్చున్నాక దాన్ని టోపీగా లెక్కించనక్కర్లేదని పిమ్‌లాట్ తేల్చాడు. సంచులన్నీ ఒక్కసారి రొద పెట్టగానే సీళ్లు విప్పించి, అంకెలు రాసుకోనిచ్చి, మళ్లీ వేయించాడు.

ప్రశ్న ఒక్కటే: నిబంధనల ప్రకారం హాల్లో ఉన్నవారిలో ఎవరెవరు ఈ పరీక్షకు అర్హులో తేల్చే ప్రోగ్రామ్ రాయండి.

మెరిన్ ప్రతి నిబంధననూ పొల్లుపోకుండా రాసింది. ముప్పై ఎనిమిదో నిమిషంలో జవాబు వచ్చింది: సున్నా. అది పంపీ పంపగానే తెర ఆరిపోయింది.

మార్కులు వేసే యంత్రం ఎదురుచూసిన జవాబు రెండు వందలు. మెరిన్ తప్పింది. కారులో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చి, ఆ తర్వాత అప్పీలు పెట్టింది. అప్పీళ్లు విచారించే సంఘం మూడుసార్లు సమావేశమై, రెండు పళ్లేల లామింగ్టన్ కేకులు ఆరగించి, నిజం కనుక్కుంది.

"నీ ప్రోగ్రామ్ నూటికి నూరుపాళ్లు సరైనది," అని పిమ్‌లాట్ లేచి ప్రకటించాడు. "అంటే ఆ రోజు ఎవరికీ పరీక్ష రాసే అర్హత లేదని రుజువైంది. నీకు కూడా. కాబట్టి నీ జవాబు చెల్లదు. ఈ విశ్వవిద్యాలయం సత్యానికి కట్టుబడి ఉంటుంది."

అందరికీ మళ్లీ పరీక్ష పెట్టారు.

"నోరు మూసుకుని ఉండలేకపోయావా మెరిన్?" అన్నాడు వరుసలో వెనకున్న డారిల్. "సత్యం నీకే కావాల్సొచ్చిందా తల్లీ?"

కొత్త ప్రశ్నకు అనుమతి రావాలంటే ఏడాది పడుతుంది గనుక పాతదే ఇచ్చారు. ఈసారి మెరిన్‌కు నలభై నిమిషాలు అక్కర్లేకపోయింది. ఏమడిగినా 'అందరూ అర్హులే' అని చెప్పే ఒకే ఒక్క లైను రాసి, టోపీ తీసుకుని ఇంటికెళ్లింది. నూటికి నూరు మార్కులొచ్చాయి.

కౌన్సిల్‌లో ఆమెకు అప్పగించిన మొదటి పని, ఊరి కుళాయి నీళ్లు తాగదగినవో కావో రోజూ తేల్చే ప్రోగ్రామ్ రాయడం. దానికి నిబంధనలు నలభై పేజీలు.

"నిజంగా తనిఖీ చెయ్యాలా?" అని పై అధికారిణి గ్లెనిస్‌ను అడిగింది.

"పరీక్షలో నీకెన్ని వచ్చాయి?"

"నూరు."

"మరి తెలిసిన పని గురించి కూడా అడుగుతావేంటి?"

ఒక్క లైనున్న ఆ ప్రోగ్రామ్ నేటికీ చక్కగా నడుస్తోంది. వారిండా నీళ్ల మీద ఒక్కరోజూ ఒక్క మచ్చ పడలేదు. పిమ్‌లాట్ రోజూ రెండు లీటర్లు తాగి, ఇదంతా ఎదురుగా కూర్చోబెట్టి పెట్టిన పరీక్ష ఫలితమని పదిమందికీ చెబుతాడు. మెరిన్ మాత్రం ఇంటి వెనక ట్యాంకులో పట్టిన వాననీళ్లే తాగుతుంది.