కట్టె కింద పదోది

శనివారం పొద్దున ఇశ్రాయేలు వేసుకున్న పథకంలో తప్పేమీ లేదు. నల్ల మేకపోతును యాదయ్యకు అమ్మాలి, పద్నాలుగు వేలు తీసుకోవాలి, సోమవారం శేరిగూడ కాలేజీలో కూతురు లీదియా ఫీజు కట్టాలి. కట్టకపోతే పిల్లను పరీక్షకు కూర్చోనివ్వరు. బొంగులూరు వెంచర్లో కొత్త ఇల్లు కట్టుకున్న యాదయ్య, ఆదివారం విందుకని ఆ పోతును ముందే బేరం చేసుకుని పోయాడు.

చిక్కంతా భార్య మరియతో వచ్చింది. ఈ ఏడాది మేకలు ఈనిన పిల్లలు, నల్ల పోతుతో కలిపి సరిగ్గా పది. పూర్వం మందను కోల కింద నడిపించి, పదోదిగా దాటినదాన్ని దేవునికి విడిచేవారని పాస్టరు సాల్మన్ రాజు పోయిన ఆదివారం ప్రసంగంలో చెప్పాడు. మరియ ఆ మాటను కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చింది.

"ఒక్కసారి కొట్టం కాడ కట్టె పట్టుకొని నిలబడు. పదోది దేవునిది. అయినంక నీ యాటను నువ్వు అమ్ముకో" అంది.

పదింటిలో ఒకటి, అది ఆ నల్ల పోతే కావాలని ఏముంది? ఇశ్రాయేలు కట్టె అడ్డంగా ఎత్తి పట్టాడు. తొమ్మిది పిల్లలు దాని కింది నుంచి చెంగున దూకిపోయాయి. నల్ల పోతు మాత్రం తొట్టిలో చివరి పరక దాకా నమిలి, మూతి నాక్కుంటూ పెళ్ళికొడుకులా నింపాదిగా వచ్చింది. అది అంత బలిసింది కూడా ఆ అలవాటుతోనే.

"కుక్క మొరిగింది. లెక్క తప్పింది" అన్నాడు ఇశ్రాయేలు. అన్నింటినీ మళ్ళీ లోపలికి తోలి, ఈసారి పోతును చెవి పట్టి అన్నిటికన్నా ముందు బయటికి లాగాడు. పదోదిగా చుక్కల పిల్ల దాటింది.

"ఇగ రెండూ దేవునివే" అంది మరియ.

"గదెట్ల?"

"మంచిదా చెడ్డదా చూడొద్దు, మార్చొద్దు, మారిస్తే పాతదీ కొత్తదీ రెండూ దేవునికే పోతయని అయ్యగారు చెప్పలే? నువ్వప్పుడు కునుకు తీస్తున్నవ్."

అక్కడితో ఆగి ఉంటే రెండింటితో పోయేది. ఆ రెండు లెక్కలూ చెల్లవనడానికి ఇశ్రాయేలు మూడోసారి లెక్కపెట్టాడు. మూడోది చెల్లదనడానికి నాలుగోసారి. మరియ పాత చీర చించి, పదోదిగా దాటిన ప్రతిదాని మెడలో ఒక పేలిక కట్టుకుంటూ పోయింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఏడింటి మెడలో పేలికలున్నాయి.

అప్పుడే యాదయ్య బండి దిగాడు. "ఏందన్నా, యాటలకు గిట్ల పేలికలు కట్టినవ్?"

మరియ జరిగిందంతా చెప్పింది. వింటూ వింటూ యాదయ్య చెప్పులు విడిచాడు.

"నీ దేవుడైతేంది, నా దేవుడైతేంది. విడిచిన యాటను కోసుకొని కొత్తింట్ల ఎట్ల బతుకుత? నాకొద్దు."

"పోనీ గా మూడిట్ల ఒకటి తీస్కో. అగ్గువకిస్త."

యాదయ్య పేలికలు లేని మూడింటినీ ఎగాదిగా చూశాడు. "ఏడుసార్లు లెక్కవెట్టినా దేవుడు వద్దన్నయి నాకెందుకన్నా?"

యాదయ్య ఈ సంగతి దారిపొడుగునా చెప్పుకుంటూ పోయాడు. సాయంత్రానికి వాడలో జనమంతా వచ్చి దేవుని మేకలను దూరం నుంచే చూసి, గడ్డి వేసి పోయింది. కాలేజీ నుంచి వచ్చిన లీదియా "బాపూ, ఫీజు?" అని అడిగితే ఇశ్రాయేలు గడ్డి సర్దే పనిలో పడ్డాడు.

అందరూ పోయాక అతను తొట్టి ఖాళీ చేసి కడిగాడు. ఈసారి ఎవరి చెవీ పట్టలేదు. "నిజంగ ఏది కావాల్నో నువ్వే చెప్పు ప్రభువా" అని కట్టె ఎత్తాడు. తొమ్మిది దాటాయి. తొట్టిలో పరక కూడా లేదు, అయినా నల్ల పోతు అక్కడే నిలబడి అతని మొహంలోకి చూసింది. తర్వాత మెల్లగా నడిచి వచ్చి, తల వంచి, కట్టె కింద దాటింది.

ఇశ్రాయేలు కట్టె దించాడు. ఇంతసేపూ ఈ కొట్టంలో తను ఒంటరిగా లెక్కపెట్టలేదనిపించింది. దేవుడు మొదటినుంచీ అడిగింది ఒక్కటే, మిగతా ఆరూ తన వంకర బుద్ధి ఇప్పించినవి. భయమేసింది. ఆ భయంలో ఎందుకో మనసు తేలికపడింది కూడా. ఫీజు సంగతి అడుగుదామని నోరు తెరిచి, అడగలేక మూసుకున్నాడు.

ఆదివారం ఏడింటినీ చర్చికి తోలుకుపోతే మిగతా మూడూ వెంట నడిచాయి.

"ఏందయ్యా, పదో వంతు తెమ్మంటే పదీ తెచ్చినవ్?" అన్నాడు పాస్టరు.

ఇశ్రాయేలు సంఘమంతటి ముందు నిలబడి, తీసిన కునుకుతో సహా అంతా ఒప్పుకున్నాడు. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆలోగా మేకలు పాస్టరు గులాబీ చెట్లన్నీ మొదళ్ళ దాకా తినేశాయి.

సంఘ పెద్దలు హడావిడిగా కూర్చుని మాట్లాడుకున్నారు. అమ్ముదామంటే, యాదయ్య చెప్పాక ఇబ్రహీంపట్నంలో కొనేవాడు లేడు. ఉంచుదామంటే చర్చికి కొట్టం లేదు.

"దేవుని మందకు కాపరి కావాలె" అన్నాడు చివరికి పాస్టరు. "ఇంత భయపడ్డోడు మల్ల దొంగ లెక్క పెట్టడు. ఇశ్రాయేలూ, నీ కొట్టంలనే ఉంచు. నెలకు రెండు వేలు జీతం. పిల్ల ఫీజున్నదంట గదా, ఎనిమిది నెలలది ముందే తీస్కో."

పదహారు వేలు చేతిలో పడ్డాయి. ఇశ్రాయేలు వాటిని చూశాడు, పైకి చూశాడు, ఏడ్చేశాడు. నిన్నటి దాకా యజమాని, ఇవాళ జీతగాడు. అవే మేకలను అదే దారిన అదే కొట్టానికి తోలుకొచ్చాడు.

వాకిట్లో మరియ దశమభాగం కవరు పట్టుకుని నిలబడి ఉంది. "జీతంల పదో వంతు?"

పదహారు వందలు తీసినా ఫీజుకు సరిపోతుంది. ఇశ్రాయేలు ఈసారి ఒక్కసారే లెక్కపెట్టాడు.