జిగురుపళ్లెంపై చూపుడువేలి దండయాత్ర

స్వస్తి! సూర్యభగవానుడు కిటికీ పరదా దాటవలెనా వద్దా యని తటపటాయించు శనివారపు పదిగంటల శుభసమయమున, మెత్తని చాపలతోను, వేలాడు ఉయ్యాలతోను, కొండలవలె పేర్చిన దిండ్లతోను విరాజిల్లు, ‘సెన్సరీ థెరపీ’ యనబడు ఇంద్రియచికిత్సామందిరమునకు, తల్లిదండ్రులను వెంటబెట్టుకొని ఏడేండ్ల వీరవనిత వేంచేసెను. ఆమెను ఇంటిల్లిపాదియు పిడుగు అందురు.

ఆ పిడుగుకు లోకమున ఒక్కటే శత్రువు: జిగట. ఇది మొండితనము కాదు, గారాబమంతకన్న కాదు. ఆమె చర్మము గోరంతను కొండంత చేసి మెదడునకు చెప్పును. పోయిన సంవత్సరము తరగతిలోని పిల్లలందరు రంగులో చేతులు ముంచి గోడపై అచ్చులు వేయుచుండ, ఆమె వరండాలో కూర్చుండెను. ఎల్లుండి సోమవారము మరల ఆ పండుగే. ఈసారి ఆ గోడపై తనదియు ఉండవలెనని ఆ చిన్న ప్రాణము ఎంత కోరుకొన్నదో చెప్ప నా తరము కాదు.

కావున సేనాధిపత్యము వహించిన థెరపిస్టు అక్క, వీరవనితచే పదిమార్లు గోడను నెట్టించి, రెండు దిండ్ల నడుమ గట్టిగా అదిమి, ఒళ్లు కుదుటపడిన పిమ్మట, ఆకుపచ్చరంగు కలిపిన మైదాజిగురు పళ్లెమును, ఒక తెల్లకాగితమును ఎదుట ఉంచెను.

“నీ చెయ్యి నీ ఇష్టం. ‘ఆపు’ అంటే ఆపేస్తాం. ఎవరూ పట్టి ముంచరు.”

పిడుగు బిగుసుకుపోయెను. అంతట, ఇరువదేండ్లుగా మహానగర రథ్యలయందు బస్సు నడుపుచు దేనికిని జంకని తండ్రి ముందుకురికెను.

“దీనికింత భయమెందుకమ్మా? నన్ను చూడు.”

అని మణికట్టుదాక ముంచెను. ముంచుటయే తడవు, ఆ మహారథి భుజములు చెవులనంటెను, రోమములు నిక్కబొడిచెను. చేతిని ఎక్కడ పెట్టుకొనవలెనో తెలియక గాలిలో నిలిపి గిరగిర తిరుగజొచ్చెను.

“అబ్బా, ఎవరైనా దీన్ని తీసేయండి.”

“ఓహో,” అనెను బల్లపై కూర్చున్న ఇల్లాలు. “గిన్నెలు తోమమంటే పదేళ్లుగా నడుం పట్టేసేది ఇందుకా?”

“అందరికీ ఇలాగే ఉంటుందనుకున్నానే.”

థెరపిస్టు అక్క నవ్వాపుకొనలేక, “అయితే ఇది నాన్న పోలికే,” అనెను.

లోకమున తానొక్కతెయే ఇట్లని ఇన్నాళ్లు కుమిలిన పిడుగు, తండ్రిని వింతగా చూచెను. పిమ్మట తువాలు తీసి అతని చేతిని పట్టుకొనెను.

“మెల్లగా తుడిస్తే ఇంకా చిరాకు నాన్నా. గట్టిగా నొక్కాలి. అంతా ఒకేసారి పెట్టేస్తారా ఎవరైనా? ముందు ఒక్క వేలు. నేను చూపిస్తా, నువ్వు మూడు లెక్కపెట్టు.”

అని, పండ్లు బిగించి, కన్నులు మూసి, మందిరమంతయు ఊపిరి బిగబట్ట, కుడిచేతి చూపుడువేలును ఆ హరితసాగరమున దించెను.

“ఒకటి...”

“తొందరగా నాన్నా.”

“రెండు, మూడు.”

వేలు పైకి లేచెను, కాగితముపై వాలెను. ఆవగింజకు అన్న, కందిగింజకు తమ్ముడు అగు పచ్చని చుక్క ఒకటి పడెను. తండ్రి కన్నులు చెమర్చెను.

దిక్కులారా, వినుడు! జిగురుసామ్రాజ్యమున వేలికొనంత నేల నేడు జయింపబడినది. విజేత ఏడ్వలేదు, తువాలు అడుగలేదు. కాగితమును తనవైపు తిప్పుకొని ఇట్లు పలికెను:

“అక్కా, ఇంకోటి పెట్టనా?”