పది కుటుంబాలకు మాత్రమే

ఆ ఆదివారానికి కళ్యాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పోర్ట్ బ్లెయిర్ శివారు ప్రోతరాపూర్ కమ్యూనిటీ హాల్లో ఒక బల్ల, ఒక ల్యాప్‌టాప్, పది కుటుంబాలు. కాలేజీ చదువుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఏ స్కాలర్‌షిప్‌కు ఏ కాగితం పెట్టాలో, బ్యాంకు లోను ఎప్పుడు అడగాలో విడమరిచి చెప్పి, ఫారం నింపి పంపించేయాలి. మధ్యాహ్నానికి ఇంటికెళ్లి చేపల పులుసుతో అన్నం తినాలి.

ఈ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు. పన్నెండో క్లాసు అయ్యాక స్కాలర్‌షిప్పులుంటాయని చెప్పే దిక్కులేక ఆమె ఒక ఏడాది ఇంట్లో కూర్చుంది. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే వైజాగ్‌లో డిగ్రీ చేసి, పోర్ట్ బ్లెయిర్‌లో ఓడల ఏజెంటు ఆఫీసులో ఉద్యోగంలో చేరగానే, ఇంకో పిల్లకు అలా జరగనివ్వకూడదని పట్టు పట్టింది.

ఈసారి ఆ పిల్ల భానుశ్రీ. వైజాగ్ నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు సోమవారంతో గడువు. దానికి తండ్రి ఆదాయం సర్టిఫికెట్, తండ్రి సంతకం కావాలి. ఆ రెండూ ఇవ్వనన్నది సాక్షాత్తూ ఆ తండ్రే. జోగులు నిజానికి తాపీమేస్త్రి. కానీ ఇంటి ముందు బోర్డు మీద మాత్రం 'కాంట్రాక్టర్ జోగులు' అని ఉంటుంది.

"నాకు ఆదాయం తక్కువని సర్కారు చేత రాయించుకుంటే రేపు నాకు పనెవడిస్తాడమ్మా? నా ఇజ్జత్ ఏటయిపోద్ది?" అని నెల రోజులుగా ఒకటే పాట.

"మరి ఫీజు మీరే కట్టేస్తారా బాబాయ్?" అని కళ్యాణి నిలదీసింది.

"కట్టలేను గనకే ఇంటికాడ ఉండమంటన్నాను."

ఆ మాటకు భానుశ్రీ లోపలికెళ్లి తలుపేసుకుంది.

కిందటిసారి కళ్యాణి మీటింగు పెడితే ముగ్గురే వచ్చారు. వాళ్లలోనూ ఒకాయన ఫ్యాను గాలి కోసం వచ్చాడు. అందుకని ఈసారి పదిహేను రోజుల ముందే బస్టాపు దగ్గర కిరాణా కొట్టు గవరమ్మకు కబురు అప్పగించింది. గవరమ్మకు చెబితే ఇంక మైకు అక్కర్లేదు. పిల్లల చదువుల కోసమని కళ్యాణి ముందే చెప్పింది. పాపం, సరిగ్గా ఆ సమయానికి గవరమ్మ ఒకాయనతో చిల్లర దగ్గర గొడవపడుతోంది. గొడవ తేలాక ఆవిడ విన్నది మిగతా సగం మాత్రమే.

"వచ్చే నాలుగో తారీకు ఆదివారం, పొద్దున ఏడింటికి అత్తా. పది కుటుంబాలకే వీలవుద్ది. ఐలాండర్ కార్డు, ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం, రెండు ఫోటోలు తెమ్మను. ముందొచ్చినోళ్లకే ముందు."

"నువ్వెళ్లమ్మా, నే సెప్తాను కదా" అంది గవరమ్మ.

ద్వీపవాసులకు సర్కారిచ్చే ఐలాండర్ కార్డు తేవాలి, పదిమందికే, ముందొచ్చినవాళ్లకే. అండమాన్‌లో పుట్టి పెరిగిన మనిషికి ఈ మాటలు చాలు. ఓడ టిక్కెట్ల కోసం తెల్లవారకముందే లైన్లో చెప్పులు పెట్టి పెరిగిన జనం వీళ్లు. ముందు నిలబడతారు, ఎందుకో తర్వాత అడుగుతారు. అయినా ఒకామె ఉండబట్టలేక "ఎందుకంట?" అని అడిగింది. తెలీదనడం గవరమ్మ ఒంట్లోనే లేదు. "ఇంకెందుకూ, ఇళ్ల స్థలాలయ్యుంటాయి" అంది. సాయంత్రం బస్సులో ఆ వార్త ఆస్టినాబాద్ చేరేసరికి 'అయ్యుంటాయి' కాస్తా 'ఇస్తున్నారు' అయింది. షాదీపూర్‌లో దిగేసరికి మనిషికి రెండొందల చదరపు మీటర్లు అయింది.

ఆదివారం ఆరున్నరకు కళ్యాణి, భానుశ్రీ తాళంచెవి పట్టుకుని వచ్చేసరికి హాలు గేటు నుంచి బస్టాపు దాకా లైనుంది. మనుషులున్న చోట మనుషులు, లేనిచోట చెప్పులు, ఇటుకలు, ఒక కుక్కరు మూత. హార్డ్‌వేర్ షాపు చిట్టిబాబు పెన్నుతో అందరి అరచేతుల మీదా నంబర్లు వేస్తున్నాడు. ఆ అధికారం ఆయనకు ఎవరిచ్చారో గానీ, ఒకటో నంబరు మాత్రం తన చేతి మీదే వేసుకున్నాడు.

"దీదీ, నూట నలభై మంది దాకా ఉన్నారు!" అంది భానుశ్రీ.

కళ్యాణికి కళ్లు చెమర్చాయి. చదువు మీద మనవాళ్లకు ఇంత శ్రద్ధా! "పది కుటుంబాలనడం నాదే తప్పు. ఎంతసేపైనా సరే, అందరికీ చేసే పంపుదాం" అని చున్నీ నడుముకు బిగించింది.

మొదట చిట్టిబాబు కూర్చున్నాడు.

"ఎక్కడైతే బాగుంటుందనుకుంటున్నారండీ?"

"గరాచరమ ఊరి వైపైతే బాగుంటాది. కానీ నీళ్లు రోజూ రావాల."

పిల్లల హాస్టల్ గురించనుకుని కళ్యాణి రాసుకుంది. "పిల్లలెంతమంది?"

"ఇద్దరు. చెరోటి ఇస్తారేటి?"

"అర్హత ఉంటే ఎందుకివ్వరు?"

చిట్టిబాబు గుమ్మం వైపు తిరిగి "పిల్లలకి కూడా వేరేగా ఇస్తారంటర్రోయ్!" అని కేకేశాడు. లైన్లోంచి ఇళ్లకు ఫోన్లు వెళ్లాయి. పావుగంటలో ఆటోల్లోంచి నిద్రమొహాల పిల్లలు దిగసాగారు.

రెండో నంబరు బుల్లమ్మ అనే ముసలావిడ. "నాకు పిల్లల్లేరు గానీ మేకలున్నాయమ్మా. వాటిక్కూడా చోటుండాల" అంది.

కళ్యాణి పెన్ను ఆగింది. "కాలేజీలో మేకలేంటి అవ్వా?"

"కాలేజీ ఏటే? ఇళ్ల స్థలాలు కదా!"

ఆ మాట లైను చివరిదాకా పాకడానికి నిమిషం పట్టలేదు. "నాలుగింటి నుంచి నిలబడ్డాం!" "సర్టిఫికెట్ కోసం మూడు రోజులు పని మానీసినాను భయ్యా!" "ఇది ధోకా!" అని హాలు దద్దరిల్లింది. గవరమ్మ లైన్లోంచి తన ఇటుక తీసుకుని మెల్లగా జారుకుంది.

పారిపోదామని కళ్యాణికీ అనిపించింది. కానీ పక్కనే భానుశ్రీ నిలబడి ఉంది, రేపటితో గడువు. దాంతో చెప్పులు విడిచి బల్ల ఎక్కేసింది.

"ఇక్కడ స్థలాల్లేవు! నేనెప్పుడూ ఇస్తామనలేదు! కాలేజీ ఫీజుకి స్కాలర్‌షిప్ రాయిస్తాను. దానికి కావలసిన కాగితాలన్నీ మీ చేతుల్లోనే ఉన్నాయి. వద్దనుకున్నోళ్లు లైను వదిలి వెళ్లిపోండి!"

లైను వదలడమా? ముందున్నవాడు వెనక్కి చూశాడు. వెనకవాడు అడుగు ముందుకేయడానికి సిద్ధంగా ఉన్నాడు. వాడి వెనక ఇంకొకడు. అంత కష్టపడి సంపాదించిన చోటు పక్కవాడికి అప్పనంగా అప్పగించడానికి ఏ ఒక్కరికీ మనసొప్పలేదు. "ఏదో ఒకటి ఇస్తన్నారు కదా, రాయించుకునే పోదాం" అన్నారెవరో. బుల్లమ్మ తన వంతు వదులుకోకుండా ఫోన్ చేసి చెల్లెలి మనవరాలిని రప్పించింది.

ఏడో నంబరు దగ్గర మొహానికి తువ్వాలు చుట్టుకున్న మనిషి వచ్చి కూర్చున్నాడు.

"నాన్నా!" అంది భానుశ్రీ.

జోగులు తువ్వాలు దించాడు. "ఇటుగా పోతా పోతా చూద్దామనీ..."

కళ్యాణి ఆయన చేతిలో ఫైలు అందుకుంది. ఆదాయం సర్టిఫికెట్టు, మూడు రోజుల కిందటి తేదీతో, ముద్రలతో సహా నిక్షేపంలా ఉంది.

"స్థలానికైతే రాయించుకున్నావు. నా చదువుకైతే పరువు పోద్దా?" అంది భానుశ్రీ.

జోగులు తల ఎత్తలేదు. "తప్పేనమ్మా. నలుగురికీ తెలిసిపోద్దని భయపడ్డాను."

"తెలియనీ బాబాయ్. ఈ లైన్లో అందరి చేతుల్లోనూ అదే కాయితం ఉంది. మేడున్న చిట్టిబాబు గారి దగ్గర కూడా" అంది కళ్యాణి. చిట్టిబాబు తన ఫైలు చొక్కాలో దోపుకున్నాడు.

అయినా జోగులు నసిగాడు. "ఆలోచించుకుని రేపొస్తాను" అంటూ లేవబోయాడు. ఎనిమిదో నంబరువాడు ఆయన భుజం తట్టి, "నీకొద్దంటే జరుగు భయ్యా, నీ నంబర్ నాకిచ్చీ" అన్నాడు.

"ఎవడ్రా జరిగేది?" జోగులు ధబ్బున కూర్చున్నాడు. "తెల్లారకుండా వచ్చి నిలబడ్డాను! ఏడో నంబర్ నాది! ఎక్కడమ్మా సంతకం?"

అడిగిన చోట్లా, అడగని చోట్లా కూడా పెట్టేశాడు. దరఖాస్తు అందిందని తెర మీద కనబడగానే భానుశ్రీ తండ్రి భుజం మీద వాలి ఏడ్చేసింది. కళ్యాణికి ఎంత సంతోషం వేసిందంటే, ఎనిమిదో నంబరువాణ్ని పిలవడం కూడా మరిచిపోయింది.

రెండు నెలల తర్వాత నిజంగానే ఇళ్ల స్థలాలకు పేర్లు రాసుకునే సర్కారు మనుషులు పుస్తకం పట్టుకుని ప్రోతరాపూర్ వచ్చారు. జోగులు వాళ్లను గుమ్మంలోనే ఆపి, "మాది రాయించడం అయిపోనాదండీ, అమ్మాయి వైజాగ్ ఓడెక్కీసింది" అని పంపించేశాడు.